విశ్వవిద్యాలయ కొనుగోళ్లలో సరఫరాదారుల వైవిధ్యం: ఉస్మానియా ప్రాంగణం, తార్నాక

విశ్వవిద్యాలయం కొనే సరుకుల్లో, చేయించుకునే పనుల్లో, కుదుర్చుకునే సేవల్లో కొంత భాగం చిన్న ఉత్పత్తిదారులకు, దళిత, గిరిజన పారిశ్రామికులకు, మహిళా సంఘాలకు, చేనేత సహకార సంఘాలకు దక్కేలా చూడడాన్ని సరఫరాదారుల వైవిధ్యం అంటారు. సీట్లలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎవరు లోపలికి రావాలో చెబుతుంది. సరఫరాదారుల వైవిధ్యం లోపలి డబ్బు బయట ఎవరి చేతికి పోతోందని అడుగుతుంది.

హైదరాబాద్‌లో ఈ సంగతి చూడాలంటే తార్నాక చౌరస్తాలో నిలబడితే చాలు. ఒకవైపు రాష్ట్ర చట్టం కింద నడిచే ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాన్ని ఆనుకునే 1958లో ఆంగ్ల బోధనా సంస్థగా మొదలై 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ. ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డు మీద, 1944లో పుట్టి ఇప్పుడు సీఎస్ఐఆర్ కింద ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ. ఇవన్నీ నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే ఉన్నా, ఒకే రకం కుర్చీని, ఒకే కంపెనీ కాగితం రీమును ఒక్కో గేటులో ఒక్కో నిబంధన కింద కొంటారు. నాచారంలో బల్లలు చేసే చిన్న కార్ఖానా యజమానికి ఐఐసీటీ గేటు దగ్గర చట్టం ఇచ్చే వెసులుబాటు ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర అదే రూపంలో ఉండదు.

ప్రాంగణం, దాని చుట్టూ ఉన్న బజారు

ఉస్మానియా స్థాపనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చాడు. 1919లో నగరం నడిబొడ్డున గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాల్లో పాఠాలు మొదలయ్యాయి. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలంటే ముందు ఉర్దూలో పుస్తకాలు ఉండాలి. అవి బజారులో దొరికేవి కావు. అందుకని దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి పుస్తకాలు రాయించి, అచ్చు వేయించుకున్నారు. ఈ విశ్వవిద్యాలయం తొలి పెద్ద కొనుగోలు ఒక రకంగా కొనుగోలే కాదు, సొంత తయారీ. ఆ తర్వాత అడిక్‌మెట్ గుట్టల మీదికి మారారు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న పునాది పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనాకు ఇక్కడి గ్రానైటు, ఇక్కడి రాతిపనివాళ్ల చేయి తోడయ్యాయి. ప్రాంగణం పక్కనున్న మాణికేశ్వరినగర్‌ను ఇప్పటికీ వడ్డెర బస్తీ అనేవాళ్లున్నారు. రాయి కొట్టి బతికిన కులం పేరు అది.

తార్నాక అన్న పేరు తీగ కంచె వేసిన నాకా నుంచి వచ్చిందని చెబుతారు. ఇప్పుడు నాకా లేదు. లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో రసాయనాలు, ఫర్నిచర్, ఫాబ్రికేషన్, ప్రింటింగ్, ప్యాకింగ్ పనులు చేసే చిన్న యూనిట్లున్నాయి. కంప్యూటర్లంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఇనుప సామాను, మోటార్లంటే రాణిగంజ్, కిరాణా హోల్‌సేల్ అంటే బేగంబజార్, పుస్తకాలంటే కోఠి. ఏ హాస్టల్ మెస్ మేనేజర్‌ను అడిగినా ఈ పటం నోటికి చెబుతాడు. తనకు అప్పు పెట్టే దుకాణాలు ఏవో ఇంకా బాగా చెబుతాడు. ఆ అప్పు సంగతి ముందు ముందు వస్తుంది.

కొనేది ఏమిటి

రాష్ట్ర విశ్వవిద్యాలయాల బడ్జెట్లో సింహభాగం జీతాలకు, పింఛన్లకే పోతుంది. మిగిలిన దానిలోంచే కొనుగోళ్లు. వాటిని నాలుగు రకాలుగా చూడవచ్చు గానీ నాలుగూ సమానం కావు.

ప్రయోగశాలల సామాను చూడడానికి గంభీరంగా ఉంటుంది కానీ వైవిధ్యానికి చోటు తక్కువ. పెద్ద పరికరాలు ఒకరిద్దరు విదేశీ తయారీదారులవే. అవే కావాలని విభాగాధిపతి ప్రొప్రైటరీ సర్టిఫికెట్ రాస్తే సింగిల్ టెండరు సరిపోతుంది. సరుకు తెచ్చి ఇచ్చేది నగరంలోని అధీకృత డీలరు. రసాయనాలు, గాజు సామాను, ప్లాస్టిక్ వస్తువుల్లో మాత్రం స్థానిక యూనిట్లు పోటీ పడగలవు.

కట్టడాల పనులు డబ్బు రీత్యా పెద్దవి. హాస్టల్ భవనం, ప్రహరీ గోడ, రోడ్డు, డ్రైనేజీ పనులకు రిజిస్టర్ అయిన కాంట్రాక్టర్లే రావాలి. ఏ తరగతిలో రిజిస్టర్ అయితే అంత విలువ దాకానే టెండరు వేయాలి. సేవలు, అంటే పారిశుద్ధ్యం, కాపలా, తోటపని, డేటా ఎంట్రీ, ఏజెన్సీల చేతిలో ఉంటాయి. ఇక మెస్. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు, చికెన్, గ్యాస్, అన్నీ రోజూ కావాలి. చిన్నవాళ్లు ఎక్కువ మంది పాల్గొనడానికి వీలున్నది ఇక్కడే. కానీ విధానాల గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ పరికరాల మీదికి, భవనాల మీదికి పోతుంది. కందిపప్పు మీద ఎవరూ సెమినార్ పెట్టరు.

రెండు రూలు పుస్తకాలు

భారతదేశంలో ప్రభుత్వ కొనుగోళ్లన్నిటికీ వర్తించే కేంద్ర చట్టం లేదు. 2012లో పార్లమెంటు ముందుకొచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. కేంద్ర సంస్థలు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌ను పాటిస్తాయి. 2017లో ప్రకటించిన రూపంలో ఆ నిబంధనలు 25,000 రూపాయల దాకా కొటేషన్ లేకుండా కొనుక్కోనిచ్చాయి. 2,50,000 దాకా ముగ్గురు సభ్యుల కమిటీ బజారుకు వెళ్లి ధర, నాణ్యత చూసి కొనవచ్చు. 25 లక్షల దాకా పరిమిత టెండరు, ఆ పైన బహిరంగ టెండరు. తర్వాతి ఏళ్లలో ఈ హద్దులను పెంచుతూ వచ్చారు. సరుకు ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో, అంటే 2016 ఆగస్టులో మొదలైన జెమ్ పోర్టల్‌లో దొరికితే అక్కడే కొనాలి.

వైవిధ్యానికి ఆధారమైన పత్రం మరొకటి. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. దాని 11వ సెక్షన్ కింద 2012 మార్చిలో కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల కొనుగోలు విధానం ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో కనీసం 20 శాతం ఈ సంస్థల నుంచి చేయాలన్నది మొదటి లక్ష్యం. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యాజమాన్యాలది. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. 2018 నవంబరు సవరణతో మొత్తం 25 శాతానికి పెరిగి, మహిళల యాజమాన్యాలకు 3 శాతం చేరింది. 358 వస్తువులను పూర్తిగా ఈ సంస్థల నుంచే కొనాలి. టెండరు పత్రాలు వీళ్లకు ఉచితం, ధరావత్తు అక్కర్లేదు.

ధర విషయంలో ఒక పద్ధతి పెట్టారు. అతి తక్కువ ధర వేసిన ఎల్1 పెద్ద సంస్థ అయితే, దానికన్నా 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థను పిలిచి ‘ఆ ధరకు ఇస్తావా’ అని అడగాలి. సరేనంటే ఆర్డరులో నాలుగో వంతు ఇవ్వాలి. ప్రభుత్వం పైసా ఎక్కువ ఇవ్వదు. చిన్నవాడికి దొరికేది రెండో అవకాశం మాత్రమే. దీన్ని రాయితీ అని వెక్కిరించేవాళ్లు ఈ సంగతి గమనించరు.

ఎస్సీ, ఎస్టీల 4 శాతానికి ఆ పత్రంలోనే ఒక కన్నం ఉంది. అలాంటి సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు తూగకపోయినా, ఆ భాగాన్ని ఇతర చిన్న సంస్థలతో నింపుకోవచ్చు. దేశం మొత్తం మీద కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 25 శాతాన్ని దాటుతున్నా, ఎస్సీ, ఎస్టీల వాటా చాలా ఏళ్లు ఒక శాతం దరిదాపుల్లోనే ఉండిపోయింది. మహిళల 3 శాతం కూడా ఆ ఏళ్లలో చేతికి అందలేదు.

ఇదంతా తార్నాకలో ఐఐసీటీకి, పోషకాహార సంస్థకు, ఇఫ్లూకు వర్తించే లోకం. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే ఉస్మానియాను 2012 నాటి కేంద్ర ఉత్తర్వు కట్టిపడేయదు. అక్కడ రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్, జీవోలు, పాలకమండలి తీర్మానాలతో పని నడుస్తుంది. రూసా వంటి కేంద్ర పథకం డబ్బు వచ్చినప్పుడు ఆ డబ్బుతో పాటు దాని షరతులూ వస్తాయి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. హైదరాబాద్ దారి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక తెచ్చింది. అంతకుముందు టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి ఇతరుల్ని కాగితం వేయనీయకపోవడం కాంట్రాక్టు లోకంలో మామూలు మాట. వేదిక వచ్చాక పెట్టె దగ్గర గొడవ పోయింది. ముందే కూడబలుక్కుని అంచనా ధర మీద ఎవరు ఎంత ‘లెస్’ వేయాలో తేల్చుకునే ‘రింగు’ను కంప్యూటర్ ఆపలేదు.

భావన వచ్చిన దారి

సరఫరాదారుల వైవిధ్యం అన్న మాట అమెరికాది. 1969 మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో మైనారిటీల వ్యాపారాల కోసం ఒక కార్యాలయం ఏర్పడింది. తర్వాత నగరాలు, విశ్వవిద్యాలయాలు, మోటారు కంపెనీలు తమ కొనుగోళ్లలో నల్లజాతి వ్యాపారులకు వాటాలు పెట్టుకున్నాయి. 1989లో రిచ్‌మండ్ నగరం కేసులో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి వాటాలకు కఠినమైన పరీక్ష పెట్టింది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 209వ ప్రతిపాదన నెగ్గించి ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జాతి, స్త్రీ పురుష భేదం ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వకూడదన్నారు. దానితో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చిన్న వ్యాపారం, స్థానిక వ్యాపారం అన్న కొలతల వైపు తిరగాల్సి వచ్చింది. ఉస్మానియా ప్రాంగణంలోనే 1964లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. అమెరికా పౌరహక్కుల సాహిత్యాన్ని అక్కడ చదివినవాళ్లు మన దేశంలో ఎందరో. ఆ భావన కొనుగోళ్ల రూపంలో భారతదేశానికి వచ్చింది మాత్రం భోపాల్ మీదుగా.

2002 జనవరిలో దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం భోపాల్‌లో దళిత, ఆదివాసీ మేధావుల సభ జరిపింది. చంద్రభాన్ ప్రసాద్ వంటివాళ్లు అక్కడ పెట్టిన వాదం సూటిగా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగాలు తరుగుతున్నాయి, ప్రభుత్వ కొనుగోళ్లు పెరుగుతున్నాయి, కాబట్టి వాటా అక్కడ అడగాలి. మధ్యప్రదేశ్ తన కొనుగోళ్లలో 30 శాతం ఎస్సీ, ఎస్టీలకు అని ప్రకటించింది. 2005లో మిలింద్ కాంబ్లే పుణెలో దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీని స్థాపించాడు. హైదరాబాద్ దానికి గట్టి కేంద్రాల్లో ఒకటైంది. కర్ణాటక తన పారదర్శకత చట్టాన్ని సవరించి, 2017 నుంచి 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది. ఆ తర్వాత ఆ హద్దును కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ మీద ఇచ్చే పనులు, సేవల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, సగం మహిళలకు అని చట్టం చేసింది. తెలంగాణ 2014లో టీ-ప్రైడ్ పేరుతో దళిత, గిరిజన పారిశ్రామికులకు పెట్టుబడి ప్రోత్సాహకాలిచ్చింది. 2021లో దళితబంధుతో కుటుంబానికి పది లక్షలిచ్చింది. అదే ఏడాది మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడ, ఎస్సీ, ఎస్టీలకు కోటా పెట్టింది. సరుకు తయారుచేసేందుకు డబ్బిచ్చి, ఆ సరుకు కొనే బాధ్యత ఎవరి మీదా పెట్టకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

1969లోను, 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ ఉస్మానియా ప్రాంగణం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల ఉద్యమ నినాదంలో నియామకాల మీద ఇక్కడ జరిగినంత చర్చ ఇంకెక్కడా జరగలేదు. ‘నిధులు’ అన్న మాటలో కాంట్రాక్టులు కూడా ఉన్నాయని, ఆ కాంట్రాక్టుల్లో కొన్ని తమ హాస్టల్ గోడ వెనకే నడుస్తున్నాయని అంత గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

గడప దగ్గర ఆగిపోయేవి

శాతాల గురించి వాదించేవాళ్లు టెండరు పత్రం నాలుగో పేజీ చదవాలి. చిన్నవాడు ఓడిపోయేది సాధారణంగా ధర దగ్గర కాదు, అర్హతల దగ్గర.

మొదటిది టర్నోవర్. గత మూడేళ్లలో ఇంత వ్యాపారం చేసి ఉండాలి, ఇలాంటి పని ఇంత విలువకు చేసి ఉండాలి అన్న షరతులు పని నాణ్యత కోసమే పెడతారు. కానీ అవి తొలిసారి వచ్చేవాడిని ఎప్పటికీ తొలిసారి రానివ్వవు. స్టార్టప్‌లకు ఈ రెండు షరతులను సడలించేందుకు కేంద్ర నిబంధనలు అనుమతిస్తాయి. సడలించాలా వద్దా అన్నది కొనే అధికారి చేతిలో ఉంటుంది. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే సంతకం తనది. ఏ అధికారైనా అనుభవమున్న పాత ఏజెన్సీ వైపు మొగ్గడం అవినీతి వల్లనే అనుకోనక్కర్లేదు, చాలాసార్లు భయం వల్ల.

ఒకసారి రాసిన షరతును మధ్యలో ఒకరి కోసం సడలించడం కూడా కుదరదు. ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారామ్ శెట్టి కేసులో చెప్పింది. వివాదం ఒక క్యాంటీన్ గురించి అంటే నమ్మబుద్ధి కాదు. బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి అయిదేళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ హోటల్‌దారు కావాలని టెండరు పిలిచి, ఆ అర్హత లేనివాడికి ఇచ్చారు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన కొలతకు తానే కట్టుబడాలని కోర్టు అంది. ఆ షరతు లేదని తెలిసి ఉంటే ఇంకెందరో టెండరు వేసేవారు కదా అన్నది ఆ వాదంలోని బలం. విశ్వవిద్యాలయ క్యాంటీన్ టెండరు రాసే గుమాస్తాకు ఇంతకన్నా దగ్గరి పాఠం దొరకదు. తలుపు వెడల్పు చేయాలంటే ప్రకటన ఇవ్వకముందే చేయాలి.

రెండోది మూట. అయిదు హాస్టళ్ల కిరాణా, పది విభాగాల స్టేషనరీ, ప్రాంగణం మొత్తం పారిశుద్ధ్యం ఒకే టెండరులో కడితే కార్యాలయానికి సులువు. ఒకే బిల్లు, ఒకే సంజాయిషీ. కానీ మూట పెద్దదైతే మోయగలవాళ్లు తగ్గుతారు. దాన్ని విప్పితే, కూరగాయలు ఒకరికి, పప్పులు ఒకరికి, పాలు ఒకరికి ఇస్తే, పోటీ పెరుగుతుంది. అయితే ఇందులో చిక్కుంది. టెండరు తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేయకూడదని ఆర్థిక నిబంధనలు గట్టిగా చెబుతాయి. చిన్నవాళ్ల కోసం విడగొట్టడానికీ, అయినవాళ్ల కోసం విడగొట్టడానికీ ఫైలులో తేడా కనబడదు. విడగొట్టిన ప్రతి ముక్కకూ బహిరంగంగానే టెండరు పిలవడం దీనికి విరుగుడు. దానికి సిబ్బంది కావాలి.

మూడోది బిల్లు. 2006 చట్టం 15వ సెక్షన్ ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల లోపు డబ్బివ్వాలి. ఆలస్యమైతే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇది కొనుగోలుదారు ఎవరైనా వర్తిస్తుంది. కొనుగోలు విధానం ఎన్‌సీసీ గేటు దగ్గర ఆగినా ఈ చట్టం లోపలికి వస్తుంది. ఫిర్యాదు చేయడానికి 2017 నుంచి సమాధాన్ పోర్టల్, విచారించడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నాయి. వాడేవాళ్లెందరు? ఏటా ఆర్డరిచ్చే కొనుగోలుదారు మీద కేసు వేస్తే మరుసటి ఏడాది ఆర్డరు ఉండదు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి గ్రాంటు విడతలుగా, ఆలస్యంగా వస్తుంది. జీతాలు, పింఛన్లు పోగా మిగిలితే సరఫరాదారుడికి. ఆరు నెలలు అప్పు మోయగలవాడే సరఫరాదారుడుగా నిలుస్తాడు. అప్పు మోయగలిగేవాడు ఎవరు? తరతరాలుగా బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో గిడ్డంగి ఉన్నవాడు. బ్యాంకు దగ్గర తాకట్టుకు ఇల్లు లేని దళిత యువకుడో, సంఘం పొదుపు మీద నడిచే మహిళల బృందమో కాదు. నా ఉద్దేశంలో, వైవిధ్యం పెంచడానికి ఏదైనా ఒక్క పని చేయమంటే కోటా పెట్టడం కన్నా ముందు బిల్లు నెల రోజుల్లో పాసయ్యేలా చూడాలి.

నాలుగోది నిర్వచనం, దీన్ని చాలామంది గమనించరు. కొనుగోలు విధానం ప్రయోజనాలు తయారీదారులకు, సేవలందించేవాళ్లకే. వర్తకులకు లేవు. 2021లో టోకు, చిల్లర వర్తకులను చిన్న సంస్థల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లోకి తీసుకున్నా, అది బ్యాంకు రుణాల కోసమేనని తేల్చేశారు. అంటే తార్నాకలో ఇరవై ఏళ్లుగా పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు బైండింగ్ చేసే దుకాణం సేవల కింద లెక్కలోకి రావచ్చు, పక్కనే కాగితం, పెన్నులు అమ్మే దుకాణం రాదు. స్థానికతకు ఆ విధానంలో విలువే లేదు. జెమ్‌లో కుర్చీ వెతికితే ఢిల్లీ దగ్గరి యూనిట్ కూడా నాచారం యూనిట్ పక్కనే కనబడుతుంది, రవాణా కలుపుకొని ధర తక్కువైతే అదే గెలుస్తుంది. వైవిధ్యమూ స్థానికతా ఒకటి కాదు. కొన్నిసార్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి కూడా.

సంఘాలు, మగ్గాలు, జైళ్లు

వ్యక్తుల వ్యాపారాలతో పోలిస్తే సంఘాల నుంచి కొనడంలో తెలుగు నేలకు ఎక్కువ అనుభవం ఉంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అటవీ ఉత్పత్తులు సేకరిస్తోంది. తేనె, సబ్బులు గిరిజన సంక్షేమ హాస్టళ్లకు పోతాయి. ఎలీప్ 1993లో హైదరాబాద్‌లో మహిళా పారిశ్రామికుల సంఘంగా మొదలై గాజులరామారంలో సొంత పారిశ్రామిక వాడ కట్టుకుంది. 2018లో మహిళా పారిశ్రామికుల కోసం వీ-హబ్ వచ్చింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇందిరా మహిళా శక్తి పేరుతో ఇంకో అడుగు వేసింది. బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకిచ్చింది, సచివాలయంతో మొదలుపెట్టి మహిళా శక్తి క్యాంటీన్లు తెరిపించింది. 2025 మార్చిలో సంఘాల పేరిట కొన్న బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకుంది. కాలేజీ క్యాంటీన్ ఇలా సంఘాలకు ఇవ్వదగిన పనుల్లో మొదటి వరసలోది. పెట్టుబడి తక్కువ, వసూళ్లు రోజువారీ, బిల్లు కోసం ట్రెజరీ చుట్టూ తిరిగే పని లేదు.

ప్రభుత్వ ఆర్డరు ఒక ఊరిని ఎలా నిలబెడుతుందో, ఎలా కూలదోస్తుందో సిరిసిల్ల చూపించింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు అక్కడి మరమగ్గాలకు పని ఇచ్చింది. మొదటి ఏడాది సూరత్ సరుకు కలిసిందని గొడవ అయింది. 2024లో ఆర్డరు ఆగిపోగానే మగ్గాలు ఆగాయి, పాత బకాయిల కోసం ఎదురుచూపు మొదలైంది. 2025లో మహిళా సంఘాల చీరల రూపంలో మళ్లీ ఆర్డరు వచ్చింది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు సరఫరాదారుడి గతి అది. విశ్వవిద్యాలయం సిరిసిల్లంత పెద్ద ఆర్డరు ఇవ్వలేదు, అదొక రకంగా మంచిదే. స్నాతకోత్సవాల్లో చేనేత దుస్తులు వాడమని యూజీసీ 2015లోను, 2019లోను విశ్వవిద్యాలయాలకు సూచించింది. పోచంపల్లి ఉస్మానియా నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఇక్కత్ కండువా ఏడాదికోసారి కొనే వస్తువు. అది మగ్గానికి ఊరటే తప్ప ఏడాది పొడవునా బతుకు కాదు. హాస్టల్ దుప్పట్లు, తువ్వాళ్లు, కిటికీ తెరలు అలా కాదు.

చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లలో ఖైదీలు చేసే ఫర్నిచర్, ఇతర వస్తువులను జైళ్ల శాఖ ‘మై నేషన్’ పేరుతో అమ్ముతుంది. ప్రభుత్వ కార్యాలయాలు కొంటాయి. దాన్ని వైవిధ్యం అనాలో చవక శ్రమ అనాలో తేల్చకుండా కొనడమే మన పద్ధతి.

సేవల్లో ప్రశ్న ఇంకా ముదురుతుంది. పారిశుద్ధ్య ఏజెన్సీ యజమాని దళితుడైతే చీపురు పట్టే దళిత మహిళ జీతం పెరుగుతుందా? పెరగాలని ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టి, ప్రైవేటు ఏజెన్సీలను తప్పించి, పొరుగుసేవల సిబ్బందిని నేరుగా దాని కిందికి తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం, మహిళలకు సగం అన్న లెక్కను ఏజెన్సీల స్థాయిలో కాకుండా పనిచేసేవాళ్ల స్థాయిలో పెట్టింది. సరఫరాదారుల వైవిధ్యం కోరేవాళ్లు ఈ ఉదాహరణను దాటిపోకూడదు. కొన్ని పనుల్లో మధ్యవర్తి కులం మార్చడం కన్నా మధ్యవర్తిని తీసేయడం మేలు.

లెక్క ఎవరు రాస్తారు

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్ల వాటాలు సంబంధ్ పోర్టల్లో నెలనెలా కనబడతాయి. విశ్వవిద్యాలయాలకు అలాంటి అద్దం లేదు. ఉన్న రిజిస్టర్లలో స్టాకు, ధర, బిల్లు నంబరు ఉంటాయి, యజమాని ఎవరన్న గడి ఉండదు. ఆ గడి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉద్యమ్ నంబరు అడిగితే సంస్థ పరిమాణం, యజమాని సామాజిక వర్గం, మహిళా యాజమాన్యమా కాదా అన్నవి దానితోనే వస్తాయి.

రాసిన లెక్కను నమ్మవచ్చా అన్నది మరో సంగతి. భార్య పేరు మీద సంస్థ, డ్రైవరు పేరు మీద లైసెన్సు, ఎస్సీ కాంట్రాక్టర్ పేరిట టెండరు, సబ్ కాంట్రాక్టు మాత్రం పాతవాడికి. తెలుగులో బినామీ అన్న మాటకు ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. కొటేషన్ల సంగతీ అంతే. మూడు కొటేషన్లు కావాలంటే ఒకే దుకాణందారు మూడు లెటర్‌హెడ్లు తెచ్చిస్తాడని ఏ కార్యాలయంలో పనిచేసినవాళ్లకైనా తెలుసు. మూడూ ఒకే టైపులో, ఒకే అక్షరదోషంతో ఉంటాయి.

2025 జూన్‌లో కేంద్రం పరిశోధన కోసం జరిపే కొనుగోళ్లకు నిబంధనలు సడలించింది. కొటేషన్ లేకుండా కొనగలిగే హద్దు లక్ష నుంచి రెండు లక్షలైంది, కమిటీ కొనుగోలు హద్దు 25 లక్షలకు పెరిగింది, జెమ్ బయట కొనే వీలును డైరెక్టర్లకు, వైస్ చాన్సలర్లకు ఇచ్చారు. శాస్త్రవేత్తలు ఏళ్లుగా అడుగుతున్నదే అది. ఒక రియేజెంటు కోసం మూడు నెలలు ఆగాల్సిన పని తప్పింది. దీనితో తార్నాక చుట్టుపక్కల ప్రయోగశాలల ఆర్డర్లు కొన్ని పోర్టల్ వదిలి మళ్లీ ఫోన్ల మీదికి వస్తాయి. ఫోన్ మోగేది నాచారంలోనా, ఎప్పుడూ మోగే పాత డీలరు దగ్గరేనా అన్నది ఆ కంప్యూటర్ తెర మీద కనబడదు.